నవల అయిపోయింది, దాని గురించి ఒక్క పేజీ రాయలేకపోతున్నాను (ఏజెంట్లు, ప్రచురణకర్తలు)

కొండపి టీచర్ · మార్చి 9, రాత్రి 10.40

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. మాది కొండపి దగ్గర పల్లె. హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆరేళ్ళు పట్టింది, ఒక నవల పూర్తి చేశాను. పేరు ‘నోబిడ్’. వేలంలో ఎవరూ పాట పాడని పొగాకు బేలుని మా వైపు అట్లా అంటారు. పొగాకు పండించే ఇంటి కథ. ఏ4 కాగితాల్లో 310 పేజీలు వచ్చింది.

రాసేటప్పుడు లేని భయం ఇప్పుడు పట్టుకుంది. దీన్ని ఎవరికి పంపాలి, ఏమని చెప్పి పంపాలి? మా తోడికోడలి కూతురు బెంగళూరులో ఉంటుంది. ‘‘లిటరరీ ఏజెంట్లని ఉంటారు పిన్నీ, వాళ్ళకి ఒక్క పేజీ ఉత్తరం రాస్తే చాలు, నచ్చితే పబ్లిషర్ని వాళ్ళే వెతుకుతారు’’ అంది. తెలుగు నవలలకి అట్లాంటివాళ్ళు ఉన్నారా? ఆ ఒక్క పేజీ రాద్దామని కూర్చుని మూడు వారాలైంది. 310 పేజీలు రాసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మన పుస్తకం గురించి మనమే చెప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గుండ్లకమ్మ · మార్చి 9, రాత్రి 11.25

టీచర్ గారూ, ముందు ఉన్న మాట చెప్తాను. తెలుగు నవలకి ఏజెంటు అనే మనిషి లేడు. రచయితే ప్రచురణకర్త దగ్గరికి పోవాలి, లేదా సొంత డబ్బుతో అచ్చేసుకోవాలి. ఒకప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వస్తే చాలు, అది చూసి పబ్లిషరే కబురు పెట్టేవాడు. ఆ దారి ఇప్పుడు బాగా సన్నబడిపోయింది. తానా వాళ్ళ నవలల పోటీ లాంటివి ప్రకటన పడినప్పుడు చూసుకోవాలి. పోటీకి పంపే ప్రతిలో మామూలుగా మీ పేరు ఎక్కడా ఉండకూడదు, నవల ముందే అచ్చయి ఉండకూడదు, ఫేస్‌బుక్‌లో పెట్టినా పనికిరాదనేవాళ్ళు ఉన్నారు. అందుకని అధ్యాయాలు ఎక్కడా పెట్టబాకండి.

నా మొదటి పుస్తకం నేనే 500 కాపీలు వేయించాను. పుస్తకాల షాపులకి 40 శాతం కమిషన్ పోను, మిగిలిన డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు. నాలుగేళ్ళు మా మంచం కింద 200 కాపీలు ఉన్నాయి. మా ఆవిడ ఊడ్చినప్పుడల్లా ఆ అట్టపెట్టెలు జరిపి మళ్ళీ పెట్టేది, ఒక్క మాట అనలేదు. రెండో పుస్తకం పబ్లిషర్ వేశాడు. నా అనుభవంలో అయితే ఉత్తరాల కంటే మనిషిని కలవడం మేలు. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. స్టాల్లో కూర్చున్న ప్రచురణకర్తతో పది నిమిషాలు మాట్లాడండి.

పెన్న ఒడ్డు · మార్చి 10, ఉదయం 7.05

గుండ్లకమ్మ గారి మాట చివరి వాక్యం దాకా ఒప్పుకుంటాను. స్టాల్లో పది నిమిషాలు దొరికినా, ఆ పది నిమిషాల్లో చెప్పాల్సింది ఈ ఒక్క పేజీయే గదా. అది మీ దగ్గర తయారుగా లేకపోతే ‘‘ఒక నవల రాశానండీ, రైతుల మీద’’ అని ఆగిపోతారు.

నేను చెన్నైలో ఒక ఇంగ్లీషు ప్రచురణ సంస్థలో పదకొండేళ్ళు పనిచేసి నెల్లూరు తిరిగొచ్చాను. ఏజెంటు ఏం చేస్తాడంటే, రాతప్రతి చదివి దిద్దించి, ఏ ఎడిటర్‌కి ఎట్లాంటిది నచ్చుతుందో చూసి వాళ్ళకి పంపించి, ఒప్పందం మాట్లాడిపెడతాడు. రచయితకి వచ్చే డబ్బులో 15 శాతం తీసుకుంటాడు, విదేశీ హక్కులు అమ్మితే మామూలుగా 20. పుస్తకం అమ్ముడుపోతేనే అతనికి రూపాయి. చదవడానికి ఫీజు అడిగేవాడు ఏజెంటు కాదు, ఇది గోడ మీద రాసి పెట్టుకోండి. మన దేశంలో జైపూర్‌లో సియాహి, ఢిల్లీ వైపు రెడ్ ఇంక్, రైటర్స్ సైడ్ లాంటి ఏజెన్సీలు ఉన్నాయి. వాళ్ళు ప్రధానంగా చూసేది ఇంగ్లీషు పుస్తకాలు, ఇంగ్లీషులోకి వచ్చిన అనువాదాలు.

కాబట్టి మీ మొదటి ప్రయాణం తెలుగు ఎడిటర్ దగ్గరికి. అయినా ఏజెంటుకి ఏవి పంపుతారో అవే పంపండి. పరిచయ ఉత్తరం, 300 మాటలు దాటకుండా. కథాసారం, ఒకటో రెండో పేజీలు. మొదటి మూడు అధ్యాయాలు. ఉత్తరంలో ముగింపు చెప్పకూడదు, కథాసారంలో చెప్పి తీరాలి. ‘‘తర్వాత ఏమైందో నవలలో చదవండి’’ అని కథాసారంలో రాసేవాళ్ళు చాలామంది. ఎడిటర్‌కి కావాల్సిందే ఆ తర్వాతది. మీరు కథని ఒడ్డుకి చేర్చారా లేదా అనేది అక్కడే తెలుస్తుంది.

కావలి కథకుడు · మార్చి 10, ఉదయం 9.30

అన్నా, కథంతా చెప్పేస్తే ఎవడన్నా ఎత్తుకుపోతే?

దర్గామిట్ట లాయరు · మార్చి 10, మధ్యాహ్నం 1.15

రాసిన క్షణం నుంచే రచన మీద హక్కు రచయితది. కాపీరైట్ చట్టం, 1957. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ధైర్యానికి చేయించుకోవాలంటే సాహిత్య రచనకి రుసుము 500 రూపాయలు. అయితే చట్టం కాపాడేది మీ రాతని. ‘పొగాకు రైతు భార్య కథ’ అనే ఆలోచనని ఎవరూ సొంతం చేసుకోలేరు, మీరు కూడా. పంపిన ఈమెయిళ్ళు తీసెయ్యకుండా దాచుకోండి, చాలు.

కొండపి టీచర్ · మార్చి 10, రాత్రి 9.50

అందరికీ ధన్యవాదాలు. ఉత్తరం రాయడానికి ధైర్యం చేస్తాను. కానీ నా అసలు ఇబ్బంది ఇంకా ఉంది. చిన్నప్పటి నుంచి ‘ఆత్మస్తుతి తగదు’ అని నేర్చుకున్నవాళ్ళం. మంచి పుస్తకమైతే దాన్ని చదివినవాళ్ళు చెప్పాలి. నాకై నేను తలుపు తట్టి ‘నాది బాగుంది, వేయండి’ అనడం ఎట్లా?

పొగతోట మాస్టారు · మార్చి 11, ఉదయం 6.20

అమ్మా, నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మీరు ఇబ్బంది అంటున్న పని మా నెల్లూరులో ఏడువందల యాభై ఏళ్ళ కిందటే చేశారు. పాత కావ్యం ఏది తీసినా ముందు అవతారిక ఉంటుంది. నేను ఫలానా, నా వంశం ఇది, ముందు రాసినవి ఇవి, ఇప్పుడు చెప్పబోయే కథ ఇది, దీన్ని మీకే ఎందుకు ఇస్తున్నానంటే, అని కవి చెప్పుకుంటాడు. మీ పెన్న ఒడ్డు గారు చెప్పిన ఉత్తరంలో ఉండేవీ ఇవే. కేతన తన దశకుమార చరిత్రని తిక్కనగారికి అంకితమిచ్చాడు. తోటి కవి ముందు తన పుస్తకం పెట్టడానికి ఆయన వెనకాడలేదు.

తిక్కనగారి విషయంలో అడిగింది రాజే. ‘నిన్ను మామా అని పిలుస్తున్నందుకు నీ భారతీకన్యకని నాకివ్వు’ అని మనుమసిద్ధి అడిగాడని నిర్వచనోత్తర రామాయణంలో ఉంది. అట్లా అడిగే రాజులు ఇప్పుడు లేరు. పిల్లని కన్నవాళ్ళు సంబంధం కోసం నాలుగిళ్ళకి పోయి పిల్ల గురించి చెప్తారు గదా. దాన్ని ఎవరూ ఆత్మస్తుతి అనరు. నవల కూడా మీరు కాదు తల్లీ, మీ పిల్ల. దాని గురించి చెప్పండి.

కొండపి టీచర్ · మార్చి 14, రాత్రి 11.10

మాస్టారి మాట పట్టుకుని రాశాను. కింద పెడుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి.

‘‘గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారములు. చిన్ననాటి నుండి నాకు సాహిత్యమంటే ప్రాణం. గత ఇరవై రెండు సంవత్సరాలుగా ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నాను. నేను రచించిన ఈ నవల మానవ సంబంధాలను, రైతు జీవితంలోని వెలుగునీడలను, స్త్రీ మనోవేదనను, పల్లెల్లో మారుతున్న విలువలను హృద్యంగా చిత్రిస్తుంది. చదివిన మిత్రులందరూ కంటతడి పెట్టారు. సమాజానికి ఒక సందేశం అందించాలన్న తపనతో రాసిన ఈ రచనను తమరు ఆదరించి ప్రచురించవలసిందిగా ప్రార్థన.’’

ఇంకో సందేహం. నా 17వ అధ్యాయం, వేలం హాల్లో జరిగేది, అన్నిటికంటే బాగా వచ్చింది. మొదటి మూడు బదులు అది పంపొచ్చా?

పెన్న ఒడ్డు · మార్చి 15, ఉదయం 6.45

టీచర్ గారూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. ఇది పొగాకు నవల. ఈ ఉత్తరంలో పొగాకు అన్న మాటే లేదు. ఒక మనిషి పేరు లేదు. ఊరు లేదు. ఈ ఉత్తరాన్ని వరి రైతు నవలకి అతికించొచ్చు, చేనేత నవలకి అతికించొచ్చు, మా మైపాడు జాలర్ల నవలకీ సరిపోతుంది. ‘వెలుగునీడలు’, ‘హృద్యంగా’ అన్న మాటలు చదివే ఎడిటర్‌కి కళ్ళ ముందు ఏమీ కనపడదు. మిత్రులు ఏడ్చారన్నది నిజమే అయినా ఆయనకి పనికొచ్చే సంగతి కాదు, మిత్రులు గాబట్టి ఏడుస్తారు. ‘ప్రార్థన’ తీసెయ్యండి. మీరు ఆరేళ్ళ పని తీసుకుని పోతున్నారు, చెయ్యి చాపడం లేదు.

ఉత్తరం సంగతి మర్చిపోయి నాకు జవాబు చెప్పండి. ఈ కథ ఎవరిది? ఆ మనిషికి ఏం కావాలి? ఎవరు అడ్డం? ఎప్పటిలోగా? అది దక్కకపోతే ఏం పోతుంది?

టంగుటూరు రైతు · మార్చి 15, ఉదయం 8.10

17వ అధ్యాయం గురించి నేను చెప్తా టీచరమ్మా. వేలంలో బయ్యరు బేలు దగ్గర ఎంతసేపు నిలబడతాడో మీకు తెలియంది కాదు. చెయ్యి పెట్టి ఆకు లాగి, రంగు చూసి, నలిపి చూసి పక్క బేలుకి పోతాడు. అందుకని కొంతమంది పైన మేలు ఆకు పేర్చి లోపల నాసి ఆకు కడతారు. ఒక్కసారి పట్టుబడితే ఆ రైతు బేలు మీద ఇక ఎవరికీ నమ్మకం ఉండదు. 17వ అధ్యాయం ఏరి పంపడం అట్లాంటిదే. మొదటి నుంచి వరసగా పంపండి. మొదటి మూడు బాగలేవని మీకే అనిపిస్తే, వాటిని బాగు చెయ్యండి.

కొండపి టీచర్ · మార్చి 16, ఉదయం 5.35

నిద్ర పట్టలేదు. స్కూలుకి పోయేలోపు రాసేస్తున్నా, తప్పులుంటే చూడబాకండి.

కథ రమణమ్మది. మొగుడు పోయాడు. బ్యారన్ లైసెన్సు, అంటే ఆకు కాల్చే కొట్టం లైసెన్సు, ఆయన పేరు మీద ఉంది. నాలుగు లక్షల అప్పు. పొలంలో ఆకు రెలుపుకి వచ్చి ఉంది, ఇంకో వారం ఆగితే చెట్టు మీదే మాడిపోద్ది. లైసెన్సు నా పేరుకి రాయించు, అప్పు నేను తీరుస్తా అంటాడు బావగారు. ఈమె రాయదు. బ్యారన్ కాల్చడం ఆడోళ్ళ పని కాదంటారు ఊళ్ళో. పొయ్యిలో మంట కొంచెం ఎక్కువైతే ఆకు నల్లబడుద్ది, తక్కువైతే పసుపు తిరగదు. చూపు పోతున్న పాత పనివాడు కోటయ్య ఉంటాడు, ఆయన వాసన చూసి వేడి చెప్తాడు. ఆయన చెప్తుంటే ఈమె రాత్రుళ్ళు పొయ్యి ముందు కూర్చుని నేర్చుకుంటది. వేలం సీజను అయిపోయేలోపు అప్పు కట్టకపోతే బ్యారన్ బావగారిది అయిపోద్ది. తీరా బేళ్ళు వేలానికి తీసుకుపోతే నోబిడ్. ఇంటికి తిరిగి తెచ్చుకోవాలి. మూడుసార్లు అట్లా జరుగుద్ది. చివరికి ఆమె బ్యారన్ బావగారికి ఇవ్వదు. తనే పార తీసుకుని గోడలు పడగొట్టి, ఇటుకలు లెక్కపెట్టి అమ్మి అప్పు కడుతుంది.

బెల్లు టైమవుతోంది.

పెన్న ఒడ్డు · మార్చి 16, ఉదయం 7.00

ఇది చదివి కాఫీ చల్లారిపోయింది. ‘వాసన చూసి వేడి చెప్తాడు’ అన్న ఒక్క ముక్కకి నేనైతే మొదటి మూడు అధ్యాయాలు తెప్పించుకుంటాను. చివరి రెండు వాక్యాలు కథాసారానికి దాచి, మిగతాది ఉత్తరంలోకి మార్చండి. భాష కొంచెం సవరించండి, ఎక్కువ సవరించబాకండి.

ఒకటి అడుగుతాను. ‘లైసెన్సు రాయను’ అని రమణమ్మ అనేది ఏ పేజీలో?

కొండపి టీచర్ · మార్చి 16, రాత్రి 10.05

ఇప్పుడే తీసి చూశాను. 118వ పేజీ. అంతకుముందు ఆమె మామగారి కథ, ఊరి చరిత్ర, ఆ కుటుంబం పల్నాడు నుంచి ఎట్లా వచ్చింది, భర్తతో పెళ్ళి. మొదటి మూడు అధ్యాయాల్లో రమణమ్మ పేరు రెండుసార్లే ఉంది, ఒకసారి మజ్జిగ ఇస్తూ, ఒకసారి పెళ్ళి పీటల మీద.

ఉత్తరంలో నేను చెప్పిన కథ నవలలో 118వ పేజీ దాకా మొదలే కాలేదు. చాలాసేపు కూర్చుండిపోయాను. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇది నాకు కనపడలేదు.

గుండ్లకమ్మ · మార్చి 16, రాత్రి 10.40

టీచర్ గారూ, తొందరపడి అంతా కొట్టేయబాకండి. మామగారి కథలో మంచి పేజీలు ఉండే ఉంటాయి. మన నవలలు నిదానంగా నడుస్తాయి, ఊరు ఊరంతా లోపలికి వస్తుంది. అమెరికా ఏజెంటుకి మొదటి పేజీలోనే శవం కావాలేమో, మనకి అక్కర్లేదు.

పెన్న ఒడ్డు · మార్చి 17, ఉదయం 6.50

నిదానం వేరు, ఎవరి కథో తెలియకపోవడం వేరు. మామగారి కథని కోటయ్య నోట పొయ్యి దగ్గర చెప్పించొచ్చు. రాత్రంతా మేలుకుని ఉండే ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడానికి పాత సంగతులు కావాలి గదా.

కావలి కథకుడు · మార్చి 19, సాయంత్రం 6.00

టీచరక్కా, మీరు నవల దిద్దుకునే లోపల ఎవరన్నా ఫోన్ చేసి ‘మీ పుస్తకం సెలక్టయింది’ అంటే నమ్మబాకండి. నాకు జరిగింది చెప్తా. ఒక సంస్థ వాళ్ళు, పేరు చెప్పను, కథలు పంపిన మూడో రోజే ఫోన్ చేశారు. అద్భుతం అన్నారు. చివర్లో ప్యాకేజీ అన్నారు. 65 వేలు కట్టాను, మా నాన్న గేదెని అమ్మిన డబ్బు. అందులో పుస్తకం మీద వేసే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్‌కి 5 వేలని రాశారు. వంద కాపీలు వచ్చాయి, నిండా అచ్చుతప్పులు. ఏ షాపులోనూ పుస్తకం లేదు. ఆ మూడో రోజే నాకు అనుమానం రావాల్సింది, 200 పేజీలు వాళ్ళు ఎప్పుడు చదివినట్టు? తర్వాత తెలిసింది, ఐఎస్‌బీఎన్‌ని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుందని. రచయిత సొంతంగా కూడా తీసుకోవచ్చు.

నాన్న ఇప్పటికీ ఆ పుస్తకం ఇంటికొచ్చినవాళ్ళకి చూపిస్తాడు. అందుకే ఎక్కువ బాధ.

పొగతోట మాస్టారు · మార్చి 19, రాత్రి 8.30

నాయనా, ఆ కథలు నాకు పంపు. ప్రూఫులు నేను చూస్తాను. రెండో ముద్రణ తప్పుల్లేకుండా వేసుకుందువు గానీ.

ఉదయగిరి కుర్రోడు · మార్చి 22, రాత్రి 12.15

నాది వేరే దారి. నేను ఇంగ్లీషులో రాస్తాను, ఉదయగిరి కోట మీద ఒక ఫాంటసీ. 92 వేల మాటలు. మొదటి నవలకి 80 వేల నుంచి లక్ష దాకా సరే అంటారు, ఫాంటసీకి కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటారు. లండన్, న్యూయార్క్ ఏజెంట్లకి 41 మందికి పంపాను. 26 మంది వద్దన్నారు, 13 మంది అసలు జవాబివ్వలేదు (మూడు నెలలు దాటితే వద్దన్నట్టే), ఇద్దరు మొత్తం నవల అడిగి చదివి వద్దన్నారు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తా. మొదటి 25 మందికి ఒకే వారంలో పంపేశాను. ఆ ఉత్తరంలో కోట చరిత్ర మూడు పేరాలు ఉంది, కథానాయిక ఒక్క వాక్యంలో ఉంది. అది తెలిసేసరికి 25 తలుపులు మూసుకుపోయాయి. ఒకసారి కాదన్న నవలని అదే ఏజెంటుకి మళ్ళీ పంపడం కుదరదు, బాగా తిరగరాస్తే తప్ప. ఆరేడుగురికి పంపి, ఆగి, జవాబులు చూసి, ఉత్తరం మార్చుకుని తర్వాతి ఆరుగురికి పంపాలి. ఉత్తరం మార్చాక పంపిన 16 మందిలోంచే ఆ ఇద్దరూ అడిగారు.

ఇంకోటి, ‘ఇట్లాంటి పుస్తకాల పక్కన నా పుస్తకం ఉంటుంది’ అని రెండు పేర్లు చెప్పాలి అక్కడ. గత ఐదేళ్ళలో వచ్చినవై ఉండాలి. నేను వందేళ్ళ కిందటి మహాగ్రంథాల పేర్లు రాశాను. ఇప్పుడు ఏం వస్తోందో చదవడం లేదని నేనే చెప్పుకున్నట్టయింది. రెండో నవల రాస్తున్నా ఇప్పుడు.

కొండపి టీచర్ · జూన్ 21, సాయంత్రం 5.20

వేసవి సెలవులన్నీ దీనికే పెట్టాను. మొదటి అధ్యాయం ఇప్పుడు పదకొండో రోజు కర్మతో మొదలవుతుంది. మామగారి కథలో సగం కోటయ్యకి ఇచ్చాను, మిగతా సగం తీసేశాను. 310 పేజీలు 270 అయ్యాయి. కొత్త ఉత్తరం ఇది.

‘‘సంపాదకులకు నమస్కారం. చేతిపనుల మీద బతికే మనుషుల కథలు మీరు వరసగా వేస్తున్నారు గాబట్టి ఈ నవల ముందుగా మీకు పంపుతున్నాను.

భర్త పోయిన పదకొండో రోజుకి రమణమ్మకి మిగిలినవి: ఆయన పేరు మీద ఉన్న పొగాకు బ్యారన్ లైసెన్సు, నాలుగు లక్షల అప్పు, వారం ఆగితే చెట్టు మీదే మాడిపోయే పంట. లైసెన్సు రాసిస్తే అప్పు తీరుస్తానంటాడు బావగారు. ఆమె రాయదు. బ్యారన్ కాల్చడం ఆడవాళ్ళ పని కాదనే ఊళ్ళో, చూపు మందగించి వాసనతోనే వేడి చెప్పే కోటయ్య పక్కన కూర్చుని రాత్రుళ్ళు ఆ పని నేర్చుకుంటుంది. కొండపి వేలం ముగిసేలోగా అప్పు కట్టాలి. ఆకు చక్కగా వచ్చింది. బేళ్ళు మాత్రం ఒక్క పాట కూడా లేక నోబిడ్ అయి ఇంటికి తిరిగొచ్చాయి, మూడుసార్లు. నాలుగోసారి తీసుకుపోవాలంటే బండి బావగారిదే.

‘నోబిడ్’ నా మొదటి నవల, 62 వేల మాటలు. మా ఇంట్లో మూడు తరాలు పొగాకు వేసినవాళ్ళే. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. కథాసారం, మొదటి మూడు అధ్యాయాలు జతచేశాను. మరో ఇద్దరు ప్రచురణకర్తలకి కూడా పంపుతున్నాను.’’

టంగుటూరు రైతు · జూన్ 21, రాత్రి 7.40

‘ఆకు చక్కగా వచ్చింది’ అన్న చోట గుండె పట్టుకుంది. ఆకు బాగుండి నోబిడ్ అయిన రోజు ఎట్లుంటదో నాకు తెలుసు. ఇంకేం మార్చబాకండి.

గుండ్లకమ్మ · జూన్ 21, రాత్రి 9.15

మార్చిలో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంత చక్కగా ఒక్క పేజీలో నా మూడు పుస్తకాల్లో దేన్ని గురించీ నేను చెప్పలేను. ముగ్గురికి ఒకేసారి పంపుతున్నట్టు ముందే చెప్పడం కూడా మంచిది, తర్వాత మాట రాదు.

మైపాడు అల · జూన్ 24, ఉదయం 10.30

నేను తెలుగు నుంచి ఇంగ్లీషుకి అనువాదాలు చేస్తాను. టీచర్ గారి రెండో ప్రయాణం గురించి ఒక మాట. ఇంగ్లీషు ఏజెంటు తెలుగు చదవలేడు. అందుకని ముందు 20, 30 పేజీల నమూనా అనువాదం, అదే ఉత్తరం ఇంగ్లీషులో, మూలరచయిత రాతపూర్వక అనుమతి, ఇవి కావాలి. అనువాదకురాలే ఏజెంటులా తిరగాల్సి వస్తుంది చాలాసార్లు. ఇంగ్లిష్ పెన్ అనే సంస్థ 2022లో పెన్ ప్రెజెంట్స్ అని మొదలుపెట్టి, నమూనా అనువాదాలకే డబ్బు ఇచ్చింది. మొదటి విడత భారతీయ భాషలకే. 2025లో మన పక్కనే ఉన్న కన్నడ కథలకి అంతర్జాతీయ బుకర్ వచ్చింది. ఆ 50 వేల పౌండ్లు రచయిత్రికీ అనువాదకురాలికీ సగం సగం. అప్పట్నుంచి దక్షిణాది భాషల గురించి అడిగే ఎడిటర్లు నాకు కనపడుతున్నారు.

ఒకటి గట్టిగా చెప్పాలనుంది. ‘రెలుపు’, ‘మండె’, ‘నోబిడ్’ లాంటి మాటల పక్కన అర్థాలు పెట్టి, ఊరి యాసని కడిగేసి పంపమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. వినబాకండి. పని జరుగుతుంటే మాట అర్థమవుతుంది. రమణమ్మ ఆకు కుప్ప వేస్తుంటే అది మండె అని ఎవరికైనా తెలుస్తుంది.

కొండపి టీచర్ · అక్టోబర్ 17, రాత్రి 9.00

జూన్‌లో ముగ్గురికి పంపాను. ఒకరు రెండు వారాల్లో వద్దన్నారు, తమ దగ్గర రెండేళ్ళకి సరిపడా పుస్తకాలు ఉన్నాయట. ఒకరి దగ్గర్నుంచి జవాబు లేదు. మూడో ఎడిటర్ ఈ రోజు రాశారు. ‘‘మొత్తం నవల పంపండి. కోటయ్య చనిపోకుండా ఉంటే బాగుండునని కథాసారం చదివి అనిపించింది, కానీ ముందు మొత్తం చదవాలి.’’ ఒప్పందం కాగితం నమూనా కూడా పంపారు, చదివి ఉంచుకోమని.

దర్గామిట్ట లాయరు · అక్టోబర్ 17, రాత్రి 9.45

సంతోషం అమ్మా. కాగితంలో ఈ నాలుగు చూడండి. ఎన్నేళ్ళకి హక్కు ఇస్తున్నారు, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత, ఏయే హక్కులు. కాలం రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరే విధంగా లేకుంటే, అది మీకు తిరిగొస్తుంది. ‘అన్ని హక్కులు, శాశ్వతంగా’ అని ఉంటే సంతకం పెట్టబాకండి. అనువాదం, సినిమా, ఆడియో మీ దగ్గరే ఉంచుకోండి. మైపాడు అల గారితో పని ఉంటుంది గదా మీకు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళ దాకా ఉండే ఆస్తి ఇది, మీ మనవలకి సంబంధించిన విషయం. కాగితం నాకు పంపండి, ఫీజు ఏం వద్దు.

కొండపి టీచర్ · అక్టోబర్ 17, రాత్రి 10.20

ధన్యవాదాలు సార్. ఒక చిక్కు వచ్చింది. వాళ్ళు ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో అడిగారు. నా నవల ఒంగోలులో డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించింది. కన్వర్టర్‌లో వేస్తే కొన్ని వత్తులు ఊడిపోయాయి, ‘బ్యారన్’ అన్నచోటల్లా ‘బారన్’ అయింది. 270 పేజీలు. ఎల్లుండి పంపుతానని రాసేశాను.

పొగతోట మాస్టారు · అక్టోబర్ 17, రాత్రి 10.32

‘బ్యారన్’ అన్నిచోట్లా ఒకేసారి మార్చే పద్ధతి కంప్యూటర్‌లో ఉంది, పిల్లలెవరైనా చేస్తారు. మిగతా వత్తులు కళ్ళతోనే చూడాలి. మొదటి 90 పేజీలు నాకు పంపు తల్లీ, తెల్లవారుజామున లేస్తాను.

కావలి కథకుడు · అక్టోబర్ 17, రాత్రి 10.35

91 నుంచి 180 దాకా నాకు పంపండి అక్కా. ఇప్పుడే కూర్చుంటా.

టంగుటూరు రైతు · అక్టోబర్ 17, రాత్రి 10.41

వత్తులు నాకు రావు గానీ, వేలం అధ్యాయం ఒకసారి చూపించండి. గ్రేడుల పేర్లు తప్పు పడ్డాయేమో చూస్తా.